పిక్క పట్టేసింది

ఆగస్టు 19

ఈ సెమిస్టర్ నా డ్యూటీ ట్రాక్ టీమ్‌తో. కోర్సు పూర్తవ్వాలంటే మొత్తం మూడొందల క్లినికల్ గంటలు చెయ్యాలి. ట్రైనింగ్ రూమ్ స్టేడియం మెట్ల కింద ఉంది. కిటికీ లేదు. మూడు బల్లలు, ఒక ఐస్ మెషిన్, టేప్ రోల్స్ పెట్టే అల్మారా, ఆరని టవళ్ళ వాసన. పైన ఎవరు మెట్లెక్కినా మా నెత్తి మీద నడిచినట్టే ఉంటుంది.

మేడమ్ ఒక్కరే ఇక్కడ అసలు ట్రైనర్. మిగతా అందరం ఆటగాళ్ళ గాయాలు చూసే కోర్సు చదివే స్టూడెంట్లమే. వచ్చిన ప్రతి ఒక్కరి పేరు, నొప్పి ఎక్కడ, మనం ఏం చేశాం, అన్నీ లాగ్‌బుక్‌లో రాసి కింద సంతకం పెట్టాలన్నారు. రేపు ఏదన్నా తేడా వస్తే మాట్లాడేది ఆ పుస్తకమేనట, మనం కాదట.

ఇవాళ ఇరవై మంది చీలమండలకి టేప్ చుట్టాను. సాయంత్రానికి నాకు పేరు కూడా పెట్టేశారు. ఐస్ అక్క.

ఆగస్టు 24, ఆదివారం

అమ్మ ఫోన్. మా అమ్మాయి ఆటగాళ్ళకి డాక్టర్ అని నాన్న చుట్టాలందరికీ చెప్పేస్తున్నారట. డాక్టర్ కాదమ్మా అన్నాను. ఆ ముక్కేదో మీ నాన్నకి నువ్వే చెప్పుకో, నా వల్ల కాదు అంది. ఈలోపు మేనత్త ఫోన్ లాక్కుని, మెట్లెక్కితే తన మోకాళ్ళు ఎలా కటకటలాడుతున్నాయో పది నిమిషాలు చెప్పింది. కాస్త బరువు తగ్గు అత్తా అన్నాను. ఫోన్ మళ్ళీ అమ్మ చేతికి వెళ్ళిపోయింది.

ఆగస్టు 30

నా రూమ్మేట్‌ది కూడా ట్రాక్ టీమే. సెకండియర్. ఎనిమిదొందల మీటర్లు పరిగెడుతుంది. పొడుగు అని పిలుస్తారందరూ, నేనూ అంతే. గుమ్మంలో తల వంచుకుని లోపలికొచ్చే మనిషిని ఇంకేమంటాం. మా గది రెండు మంచాలకి సరిగ్గా సరిపోయింది. మధ్యలో ఒక్క మనిషి నిలబడే చోటు. ఒకళ్ళు బట్టలు మడతపెడుతుంటే రెండో వాళ్ళు మంచమెక్కి కూర్చోవాలి.

పొడుగుది స్పోర్ట్స్ సీటు. టీమ్ లిస్టులో పేరున్నంత కాలమే చదువూ, ఈ మంచమూ. పేరు పోతే అక్కాబావల ఇంటికి వెళ్ళాల్సిందే. అక్కడ రెండు గదుల్లో ఆరుగురు. పొద్దస్తమానం అక్క కవలల్ని చెరో చంకనా వేసుకుని తిరగాలి. ఏడవడం ఇద్దరూ కలిసే ఏడుస్తారు అక్కా, నవ్వడం మాత్రం వంతులవారీగా అంటుంది.

సెప్టెంబర్ 8, ఉదయం 5:40

పొడుగు మంచం దిగి గోడ పట్టుకుని బాత్రూమ్‌కి వెళ్ళింది. కుడికాలు కుంటుతోంది. నేను మేలుకున్నానని తనకి తెలీదు. తిరిగొచ్చేటప్పుడు మామూలుగా నడిచింది. నేను కళ్ళు తెరిచి ఉన్నానుగా.

మధ్యాహ్నం 2:15

అడిగేశాను. పిక్క పట్టేసింది అక్కా అంది. చూపించమన్నాను. పిక్క కానే కాదు. ముందువైపు, ఎముక మీద, చొక్కా బొత్తాం అంత చోటు. వేలు ఆనించగానే నా చెయ్యి విసిరికొట్టింది. ఒంటికాలి మీద గెంతమన్నాను. రెండో గెంతుకే మంచం పట్టుకుంది. కళ్ళ నిండా నీళ్ళు, మొహం నిండా నవ్వు.

మూడు వారాలైందట. పడుకున్నా సలుపుతోందట. పరిగెత్తినప్పుడు నొప్పి అంటే వంద కారణాలుంటాయి, పడుకున్నా నొప్పి అంటే ఎముక సంగతి చూడాలి. పుస్తకంలో ఆ లైను కింద పోయినేడు నేనే రెండు గీతలు గీశాను. ఎముకలో సన్నటి పగులు వచ్చి ఉండచ్చు, ఇవాళే పరుగు ఆపెయ్, మేడమ్‌తో చెప్పి ఎక్స్‌రే తీయిద్దాం అన్నాను.

పోటీలు అక్టోబర్ పదకొండున. అది అయ్యేదాకా ఎవరికీ చెప్పొద్దంది. ఒక్క నెల ఆగు అక్కా, ఆ తర్వాత కాలు కోసుకుపోయినా అడగను అంది. నా చెయ్యి తీసుకుని తన నెత్తిన పెట్టేసుకుంది. నేను లాక్కునేలోపే ఒట్టు అయిపోయింది.

సెప్టెంబర్ 9

లాగ్‌బుక్‌లో రాశాను. పిక్క పట్టేసింది. ఐస్, స్ట్రెచింగ్. సంతకం.

సెప్టెంబర్ 10

మళ్ళీ అదే.

సెప్టెంబర్ 19

శుక్రవారం. మేడమ్ లాగ్‌బుక్ చూసే రోజు. పేజీలు తిప్పుతూ తిప్పుతూ ఒక చోట ఆగారు. పొడుగు పిక్క ఇంకా తగ్గలేదా, ఒకసారి పంపించు చూస్తాను అన్నారు. తగ్గుతోంది మేడమ్, ఇవాళ బాగా పరిగెత్తింది అన్నాను. ఎంత తేలిగ్గా వచ్చేసిందో నోట్లోంచి. నా సంతకం పక్కన ఆవిడ కూడా సంతకం పెట్టేశారు.

అప్పటిదాకా అబద్ధం నాది ఒక్కదానిదే. ఇప్పుడు ఆవిడనీ లాగాను.

సెప్టెంబర్ 24

కోచ్ సార్ అందరి ముందూ మెచ్చుకున్నారు. ఈ ఏడు ఒక్కళ్ళు కూడా గాయం పేరు చెప్పి కూర్చోలేదట, అంతా ఐస్ అక్క చలవట. చలవ అన్న మాటకి తనే నవ్వుకున్నారు. పోటీలకి టీమ్‌తో నన్నే తీసుకెళ్తారట. పొడుగు అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది. భూమి చీలి లోపలికి పోతే బాగుండనిపించింది. కానీ మా ట్రైనింగ్ రూమ్ ఆల్రెడీ భూమి లోపలే ఉంది.

సెప్టెంబర్ 29

ఇంటర్నల్స్. మూడో ప్రశ్న: ఎముక మీద ఒకే చోట నొప్పి, ఒంటికాలి మీద గెంతలేకపోవడం, విశ్రాంతిలోనూ సలుపు. మీరేం చేస్తారు?

పదికి పది వేస్తారు. అంత బాగా రాశాను.

అక్టోబర్ 3

ప్రాక్టీస్‌కి ముందు పొడుగు గుప్పిట్లోంచి రెండు మాత్రలు నోట్లో వేసుకోవడం చూశాను. నొప్పి తెలియకుండా ఉండటానికట. ఎన్నాళ్ళ నుంచి అంటే వేళ్ళు లెక్కపెట్టి ఊరుకుంది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఒట్టూ లేదు గిట్టూ లేదు, ఇప్పుడే మేడమ్ దగ్గరికి వెళ్తున్నానన్నాను. చెప్పుల్లో కాళ్ళు కూడా పెట్టాను.

చెప్పు అక్కా అంది. కాకపోతే పుస్తకంలో నీ సంతకాలున్నాయి కదా, నాతో పాటు నువ్వూ పోతావు కదా అంది. బెదిరించినట్టు కాదు. టైమ్ ఎంతయిందో చెప్పినట్టు చెప్పింది. తను భయపడేది నిజంగా నా గురించే. అదే నన్ను కదలనివ్వలేదు. చెప్పులు విప్పేసి మంచమెక్కి కూర్చున్నాను. మధ్యలో ఉన్న చోటులో నిలబడి తను షూ లేసులు కట్టుకుంది.

అక్టోబర్ 11, ఉదయం 6:10

బస్సులో రాస్తున్నాను. పొడుగు కాలికి నేనే టేప్ చుట్టాను. ఎప్పటికంటే గట్టిగా. టేప్ ఎముకని అతికించదని నాకు తెలుసు. తనకీ తెలుసు.

అదే రోజు, సాయంత్రం

వరసగా రాయాలి, లేకపోతే రేపటికి నాకు అనుకూలంగా మార్చేసుకుంటాను.

వార్మప్‌లో నేను ట్రాక్ పక్కన కూర్చుని టేప్ ముక్కలు కత్తిరిస్తున్నాను. తల ఎత్తలేదు. అడుగుల చప్పుడు బట్టి ఎవరో చెప్పగలను ఇప్పుడు. పొడుగు వచ్చింది, దాటింది. కుడి అడుగు ఎడమదాని కంటే పొట్టిగా వినపడింది. ఇంకో చుట్టు. ఇంకా పొట్టిగా. కత్తెర కింద పెట్టేశాను.

మేడమ్ ఐస్ పెట్టె మీద కూర్చుని ఎవరికో ఫోన్ చేస్తున్నారు. మేడమ్, అది పిక్క కాదు అన్నాను. అంతే అన్నాను. ఆవిడ ఫోన్ పెట్టేశారు. ఎప్పటినుంచి అని అడిగారు. నెల పైనే అన్నాను. తిడతారనుకున్నాను. తిట్టలేదు. నన్ను ఒకసారి పైనుంచి కిందిదాకా చూసి, లేచి గబగబా వెళ్ళిపోయారు.

అప్పటికే పొడుగు లైన్లో నిలబడి ఉంది. ఛాతీ మీద నంబర్. మేడమ్ వెళ్ళి చెయ్యి పట్టుకుని పక్కకి తెచ్చారు. కోచ్ సార్ అరుస్తున్నారు, టేప్ చుట్టే పిల్ల మాట పట్టుకుని నా బెస్ట్ రన్నర్‌ని ఆపేస్తారా అని. మేడమ్ గొంతు పెంచలేదు. ఎక్స్‌రే తీసి ఏమీ లేకపోతే నా ఉద్యోగం తీసేయించండి అన్నారు.

పొడుగు నంబర్‌కున్న పిన్నులు ఒక్కొక్కటే తీసింది. నాలుగు పిన్నులు. నా వైపు చూడలేదు.

అక్టోబర్ 13

ఎక్స్‌రేలో ఎముక ముందువైపు అడ్డంగా నల్లటి గీత. ఇంకో గట్టి రేసు పరిగెత్తి ఉంటే మధ్యకి విరిగిపోయేదన్నారు డాక్టర్. తొడ దాకా పిండికట్టు. ఎనిమిది వారాలు కాలు కింద మోపకూడదు.

గది మార్చమని పొడుగు వార్డెన్‌ని అడిగిందట. సెమిస్టర్ అయ్యేదాకా ఒక్క మంచం కూడా ఖాళీ లేదందట వార్డెన్. నేనూ వెళ్ళి అడిగాను. అదే జవాబు.

అక్టోబర్ 20

మేడమ్ పిలిచి కూర్చోబెట్టారు. ప్రాక్టీస్‌లో గాయమైతే స్పోర్ట్స్ సీటు ఏడాది దాకా తీయకూడదని రూల్ ఉందట. నెల రోజులు మేమిద్దరం ఆ గదిలో భయపడి చచ్చాం, ఒక్కళ్ళమూ రూల్స్ పుస్తకం తెరిచి చూడలేదు.

కానీ గాయం ప్రాక్టీస్‌లోనే అయినట్టు కాగితం మీద ఉండాలి. లాగ్‌బుక్‌లో ఉన్నది పిక్క. నెల రోజులూ పిక్కే. ట్రాక్ మీద ఆ అమ్మాయికి ఏ గాయమూ కాలేదు, హాస్టల్ బాత్రూమ్‌లో జారిపడి ఉంటుంది అని కోచ్ రాసిచ్చాడట. (ఇక సార్ అనబుద్ధి కావడం లేదు.) సాక్ష్యం నా పుస్తకమే.

తనని కాపాడటానికి రాసిందే తన సీటు పీకేస్తోంది.

నువ్వేం చెయ్యాలో నేను చెప్పను అన్నారు మేడమ్. పొడుగు సీటు సంగతి తేల్చే కమిటీ ఎల్లుండి పదకొండింటికి అని మాత్రం చెప్పారు.

అక్టోబర్ 22

బల్లకి అవతల ఐదుగురు. లాగ్‌బుక్ మధ్యలో. నెల రోజుల ఎంట్రీలు తప్పని నేనే చెప్పాను. ప్రాక్టీస్ మొదలయ్యాకే నొప్పి వచ్చిందని, సెప్టెంబర్ ఎనిమిదిన నేనే పరీక్ష చేశానని, ఎముకేనని ఆ రోజే అనుమానించానని తేదీలతో సహా రాసిచ్చాను. తెలిసి రాశావా తెలియక రాశావా అని అడిగారు ఒకాయన. తెలిసే అన్నాను. ఎవరు రాయమన్నారు? ఎవరూ కాదు, చెయ్యి నాదే అన్నాను. ఒట్టు సంగతి చెప్పలేదు. మేడమ్‌ని నేనే మభ్యపెట్టానని కూడా రాశాను.

ఇప్పటిదాకా చేసిన గంటలన్నీ రద్దు. వచ్చే ఏడు జూనియర్లతో మళ్ళీ మొదటినుంచి. ట్రైనింగ్ రూమ్ తాళంచెవి మేడమ్ చేతిలో పెట్టాను. తీసుకున్నారు. ఐదు వారాలు ఆలస్యం చేశావు అన్నారు. తాళంచెవి బ్యాగులో వేసుకుంటూ, ఇంకో ఐదు నిమిషాలు మాత్రం చెయ్యలేదు అన్నారు.

అక్టోబర్ 23

నాన్నకి చెప్పాను. ఆ అమ్మాయి కాలు బాగవుతుందా అని అడిగారు. అవుతుంది నాన్నా అన్నాను. మరింకేం అన్నారు. డాక్టర్ చదువంటే ఏళ్ళకేళ్ళు పడుతుంది మరి అని అవతల మేనత్తతో చెప్పడం వినపడింది.

నవంబర్ 2

పొడుగు సీటు ఉంచుతున్నట్టు కాగితం వచ్చింది. తను మంచం మీద కూర్చుని రెండుసార్లు చదివి, దిండు కింద పెట్టుకుంది. నాతో మాట్లాడలేదు. ఇరవై రెండు రోజులైంది. మంచినీళ్ళు కావాలన్నా పక్కగది అమ్మాయిని కేకేస్తుంది. నా సీసా తన చేతికి అందేంత దూరంలోనే ఉంటుంది. మంచాల మధ్య ఆ ఒక్క మనిషి చోటులో ఇప్పుడు చంకకర్రలు. నేను కాళ్ళవైపు నుంచి మంచం దిగడం నేర్చుకున్నాను.

నవంబర్ 9, ఉదయం

పొడుగు తన కట్టుకాలు ఎత్తి నా మంచం మీద పెట్టింది. నెయిల్ కట్టర్ నా ఒళ్ళో పడేసింది. కట్టు చివర ఐదు వేళ్ళు, గోళ్ళు బాగా పెరిగిపోయాయి. వంగితే తనకి అందవు.

ఒక్కొక్కటే కత్తిరించాను. చిటికెన వేలు దగ్గర కితకితలై కాలు లాక్కుంది.

మళ్ళీ పెట్టింది.