పలక టీవీల బాతులు చస్తలేవు

పాశమైలారం

టీవీ కంపెనీ పెద్దసారుకు, ఫ్యాక్టరీల బస్సులు ఆగే కాడ దుకాణం నడిపే రాంచందర్ దండం పెట్టి రాసేది.

పాత డబ్బా టీవీ ఖరాబైతే మీ పలక టీవీ కొన్న. బొమ్మ మంచిగనే ఉన్నది, కాదన. కాని తుపాకితోని ఎంత కాల్చినా అండ్ల ఒక్క బాతు చస్తలేదు. డబ్బా టీవీల టపటప రాలుతుండె. షిఫ్టు దిగొచ్చే పోరగాళ్లు పరేషానై, పక్క దుకాణంల క్యారమ్స్ ఆడవోతున్నరు. గిట్లయితే నా దుకాణం మూతే. జల్దీ మనిషిని పంపుండ్రి.

ఇట్లు,
రాంచందర్

తా.క.: నా గురి తప్పిందనుకోకుండ్రి. తెరకు ఆనిచ్చి గూడ కాల్చిన.

హైదరాబాద్

రాంచందర్ గారికి నమస్కారం.

మీ ఉత్తరం మా సెక్షన్‌లో అందరం రెండేసి సార్లు చదివాం. తుపాకీతో కాల్చిన టీవీకి వారంటీ వర్తించదండీ. గుండు ఎక్కడ తగిలిందో ఫొటో పంపగలరు. బాతుల సంగతి మా పరిధిలోకి రాదు.

భవదీయురాలు,
శ్రీదివ్య, ఫిర్యాదుల విభాగం

తా.క.: తుపాకీకి లైసెన్సు ఉందా?

పాశమైలారం

శ్రీదివ్య మేడంకు నమస్తే.

టీవీకి గీత గూడ వడలే. లైసెన్సేంది మేడం? మా బిడ్డ హరిచందన చిన్నగున్నప్పుడు జాతరల కొన్న. మా గల్లీ పిల్లలందరు దాంతోనే పెరిగిండ్రు. ఇప్పుడు ఫ్యాక్టరీలల్ల చేసే ఒడిశా పోరగాళ్లు లైను కట్టి కాలుస్తరు.

ఇట్లు,
రాంచందర్

తా.క.: గురి మంచిగున్నోన్ని పంపుండ్రి.

హైదరాబాద్

రాంచందర్ గారికి,

మా టెక్నీషియన్ వంశీ రానంటే రానంటున్నాడు. ముందు మీవాళ్లందరి చేత ఆయుధాలు కింద పెట్టించండి. బతిమాలి పంపిస్తాను.

భవదీయురాలు,
శ్రీదివ్య

తా.క.: అతనికి ఈమధ్యే పెళ్లి కుదిరింది. కాస్త చూసుకోండి.

పాశమైలారం

శ్రీదివ్య మేడంకు,

మీ వంశీ వచ్చిండు. గుమ్మంలనే రెండు చేతులు లేపి నిలవడ్డడు. చేతిల ప్లాస్టిక్ తుపాకి పెట్టి, ఇది బాతుల వీడియో గేమ్ బిడ్డా అంటే, కూలవడి నవ్విండు. డబ్బా తెర మీద వెలుగు గీతలు గీతలుగ ఉరుకుతదట, తుపాకి ఆ వెలుగునే పట్టుకుంటదట. పలక టీవీల ఆ ఉరుకుడు లేదట, బొమ్మ గూడ జెరంత ఆలస్యంగ వస్తదట. ఇండ్ల ఎవ్వరి తప్పు లేదు.

తెల్లారి వాళ్లింట్ల అటక మీది డబ్బా టీవీ ఆటోల తెచ్చిచ్చిండు. బాతులు మళ్ల రాలుతున్నయి. పోరగాళ్లు తిరిగొచ్చిండ్రు. కాని ఏం ఫాయిదా? వంశీ తుపాకి ఇడుస్తలేడు. రోజు డ్యూటీ బ్యాగుతోని ఈడికే వస్తుండు. గిరాకికి ఆడే మోకా లేదు. మీ టీవీ నా తాననే ఉండనియ్యుండ్రి, మీ మనిషిని మాత్రం వాపస్ తీస్కపోండ్రి.

ఇట్లు,
రాంచందర్

తా.క.: నిన్న వాళ్లమ్మ తోల్కపోనీకి వచ్చింది. ఇప్పుడు ఇద్దరైండ్రు.