జామచెట్టు నీడల వామాకు

అత్తమ్మా, బస్సు టైమైంది, నేను చెల్పూరు డ్యూటీకి పోతున్న. ఇయ్యాల బండలు ఎయ్యనీకి మేస్త్రి వస్తడు. ముంగట వాకిట్ల ఏపియ్యి, జామచెట్టు కింద మాత్రం ముట్టనియ్యకు. నేను ఆడ కొమ్మలు గుచ్చుతుంటే నీడల గడ్డి సుత మొల్వదని నన్ను జూసి నవ్వినవు గదా. గిప్పుడు వామాకు, పుదీనా నేలంత అల్లుకున్నయి. కాలు తాకితే చాలు, ఇల్లంత వాసన. నీళ్లు జరన్నే పొయ్యి, ఎక్కువైతే వామాకు మురిగిపోతది.

నిన్న నువ్వు పక్కింటి ఎస్తేరక్కతోని "గివన్ని నేనే వెట్టిన" అంటుంటే కిటికీల నుంచి విన్న. ముందుగాల కోపమొచ్చింది. నీ మొఖంల సంబురం జూసినంక నవ్వొచ్చింది. చెప్పుకో, ఏం గాదు.

నీ కోడలు సుమలత

ఎస్తేరక్క కొమ్మలడిగితే ఇయ్యి. ఎట్ల పెట్టాల్నని అడిగితే మాత్రం నేనొచ్చేదాక ముచ్చట మార్చు!