బడ్జెట్ రోజు బూట్లు

వెస్నా ఊరు, సస్కాచెవాన్, కెనడా
జనవరి 9

ప్రియమైన లోర్న్,

నా రాత కోడిగీతలు. తప్పులుంటాయి, క్షమించు. ఆరో తరగతితో ఆపేసినవాణ్ణి. పక్క బెంచీలో కూర్చున్నవాడివి, నీకు తెలియందేముంది.

బడ్జెట్ చదివే రోజు ఆర్థిక మంత్రి కొత్త బూట్లు తొడగడం ఆనవాయితీ కదా, అవి నేను కుట్టినవే కావాలని రాశావు. సంతోషం. కొలతలు అక్కర్లేదు. నీ ఎడమ పాదం అర అంగుళం పొడుగు.

ఒక్క మాట. నువ్వు పన్నులన్నీ తిరగరాస్తున్నావట. మన వెన్న సహకార సంఘానికీ పన్ను పడుతుందని ఊరంతా భయం. పడితే సంఘం నిలవదు. ధర ఉండగా ఇప్పుడే ఆవుల్ని అమ్మేద్దామంటున్నారు. ఏం చెప్పను?

నీ ఒరెస్ట్

*

ఒట్టావా
జనవరి 21

ఒరేయ్ ఒరెస్టూ,

మంత్రినయ్యాక నన్ను 'ఒరేయ్' అనేవాడే లేడు. నువ్వైనా అనరా!

ఈ మార్పులు పన్ను ఎగ్గొట్టే పెద్ద కంపెనీల కోసం. మా అమ్మ మీగడ పోసిన సంఘం మీద చెయ్యి వేస్తానా? ఊరి హాల్లో నిలబడి నా మాటగా చెప్పు. ఆవుల్ని అమ్మొద్దను.

నీ లోర్న్

*

వెస్నా
ఫిబ్రవరి 20

ప్రియమైన లోర్న్,

బూట్లు పార్సిల్ చేశాను.

హాల్లో చెప్పాను. నలుగురి ముందు నోరు విప్పడం ఇదే మొదలు. మొగుడు పోయాక పద్నాలుగు ఆవుల్ని ఒక్కతే సాకుతున్న ఓల్హా దానిలుక్ లేచి నిలదీసింది.

"మంత్రి మాట సరే. నీ మాటేంటి బాబాయ్?"

"నా మాటా అదేనమ్మా."

"అయితే ఉంచుతా. తేడా వచ్చిందా, పద్నాలుగింటినీ నీ కొట్టు గుమ్మానికి కట్టేస్తా!"

అందరూ నవ్వారు. ఎవరూ అమ్మలేదు.

నీ ఒరెస్ట్

*

ఒట్టావా
మార్చి 30

ఒరేయ్ ఒరెస్టూ,

నీ బూట్లతోనే రెండు గంటలు నిలబడి చదివాను. ఎక్కడా నొక్కలేదు.

సంఘాల మీద పన్ను పడిన సంగతి పేపర్లో చూసే ఉంటావు. కంపెనీలు దేశం వదిలి పోతామన్నాయి. ప్రధాని తగ్గమన్నారు. వాళ్లకి వదిలింది ఎక్కడో ఒకచోట రాబట్టాలి కదరా. నువ్వు అర్థం చేసుకుంటావు.

నీ లోర్న్

*

వెస్నా
జూన్ 14

గౌరవనీయులైన ఆర్థిక మంత్రి గారికి,

నా రాత ఇంకా బాగుపడలేదు. మన్నించండి.

శుక్రవారం వెన్న సంఘం మూసేశారు. ఆవులు మాంసం ధరకి పోయాయి. ఓల్హా నా గుమ్మానికి ఏమీ కట్టలేదు. కడితే బాగుండేది. రోడ్డుకి అవతలి పక్కన నడిచి పోతోంది. మీ పేరు చెప్పి ఆ మాట నేనే కల్పించానంటున్నారు ఊళ్లో.

బూట్లు నొక్కలేదని రాశారు. ఎలా నొక్కుతాయి? ఊరూ పేరూ తెలియనివాళ్ల పార్సిల్ తీసుకోబోమని మీ ఆఫీసువాళ్లు తిప్పి పంపేశారు. బడ్జెట్‌కి వారం ముందే నా కొట్టుకి వచ్చింది. కట్టిన దారం కట్టినట్టే ఉంది. వేరేవి కొనుక్కుని ఉంటారని ఊరుకున్నాను.

కంపెనీల సంగతి నాకు అర్థం కాదు. బూట్ల సంగతి అర్థమవుతుంది.

మీ జనవరి ఉత్తరం ఊరికి చూపించొచ్చు. కానీ అది స్నేహితుడికి రాసింది. అందుకని వేరే కాగితం మీద, ఆ మాట ఇచ్చింది మీరేనని రాసి సంతకం పెట్టండి. హాలు తలుపుకి అంటిస్తాను.

త్వరగా జవాబు రాయండి. పార్సిల్ ఇక్కడే ఉంది. ఆ బూట్లు ఈ ఊళ్లో ఎవరి కాళ్లకీ పట్టవు.

ఒరెస్ట్ హ్నాతియుక్
బూట్లు కుట్టేవాడు