ఆకు వెనకవైపు

ప్రియమైన అక్కకు,

నిమ్మకాయంత అంబర్ ముక్క ఒకటి పంపుతున్నాను. లోపల ఫెర్న్ ఆకు ఉంది. పది కోట్ల ఏళ్ళ కిందట చెట్టు జిగురులో చిక్కుకుని, దానితోపాటే రాయైపోయింది. మా ప్రయోగశాలలో సానచక్రం పాడైంది. అయినా పూసలు సానపట్టే నీ చెయ్యి ఇక్కడెవరికుంది? ఆకు వెనకవైపు శుభ్రంగా కనిపించాలి, అంతే. కుండీలో మొక్కని మూడు రోజుల్లో ఎండగొట్టేదాన్ని, చచ్చిన ఆకుల మీద జీతం తింటున్నానని నవ్వుతావు. నవ్వుకో, కానీ తొందరగా పంపు.

నీ పిచ్చుక

*

ప్రియమైన పిచ్చుకకు,

ముక్క తయారైంది. వెనకవైపు ఒక్క మచ్చ లేదు. దూదిలో చుట్టి పంపాను. వేళకు తిను.

దేవుడు తోడుండాలి.

అక్క

*

ప్రియాతిప్రియమైన అక్కకు,

మూడు రోజులుగా నా కాళ్ళు నేలమీద లేవు. ఫెర్న్‌కి పువ్వూ కాయా ఉండవు కదా. ఆకు వెనక గోధుమరంగు చుక్కలుంటాయి, వాటిలో సిద్ధబీజాలు. ఆ చుక్కలే దాని ఇంటిపేరు. నువ్వు పంపినదానికి ఒక్క చుక్కా లేదు! అంటే బీజాల్ని వేరే కాడ మీద మోసే రకమన్నమాట. పూలమొక్కలు చోటంతా ఆక్రమిస్తున్న కాలంలో ఇది తన దారి తాను వెతుక్కుంది. ఈ అంబర్ తవ్వితీసిన గనిలో ఇలాంటిది ఇంతవరకు ఎవరికీ దొరకలేదు. వ్యాసం రాస్తున్నాను.

సానపట్టకముందు చుక్కలేమైనా కనిపించాయా? ఒక్క మాట రాయి చాలు.

నీ పిచ్చుక

*

ప్రియమైన పిచ్చుకకు,

లేవు.

నీ వ్యాసం కోసం రోజూ ప్రార్థన చేస్తాను.

అక్క

*

ప్రియమైన అక్కకు,

వ్యాసం తీసుకున్నారు, వచ్చే నెల అచ్చు. నీ ప్రార్థన ఊరికే పోలేదు.

ఒక తలనొప్పి మాత్రం ఉంది. మా పక్క బల్ల అతను నిన్న భూతద్దం కింద చూసి, “ఆకు వెనక పొర అరిగినట్టుంది మేడమ్” అన్నాడు. “అక్కని అడిగాను, చుక్కలు లేవంది. ఆవిడ నోట అబద్ధం రాదు” అన్నాను. “అయితే సానపట్టిన పొడి తెప్పించండి. బీజాలు అన్నీ నలిగిపోవు. పొడిలో లేకపోతే నా చెవులు నేనే పట్టుకుంటా” అన్నాడు.

చిటికెడు పంపు. ఆ ముచ్చట చూడాలి.

నీ పిచ్చుక

*

ప్రియమైన పిచ్చుకకు,

పొడి లేదు. అంతవరకే రాసి ఊరుకుంటే ఎవరూ ఏమీ అనలేరు. రెండు రోజులు అలాగే అనుకున్నాను.

చుక్కలున్నాయి. రెండు వరుసలు, ఆవగింజకన్నా చిన్నవి. శుభ్రంగా అన్నావు. మా పనిలో శుభ్రమంటే మచ్చ లేకపోవడం. చక్రానికి ఆనించి తీసేశాను. అవేమిటో నీ ఉత్తరం చూశాకే తెలిసింది. నీ సంతోషానికి అడ్డురావడానికి చెయ్యి రాలేదు. లేవని రాశాను.

ఆ రోజుకి పొడి గిన్నెలోనే ఉంది. నిజం చెప్పి ఉంటే నీ చుక్కలు నీకు దొరికేవి. అంబర్ పొడి నిప్పుల మీద మంచి వాసన వేస్తుంది. నీ వ్యాసం అచ్చుకావాలని రోజూ ప్రార్థనలో చిటికెడు వేస్తూ వచ్చాను. మొత్తం అయిపోయింది.

అచ్చు ఆపించు. ఇది అతనికి చూపించు.

ఈ ఉత్తరం రెండుసార్లు రాశాను. మొదటిదాంట్లో కారణాలు ఎక్కువగా ఉన్నాయి. దాన్ని చించేసి ఇది పంపుతున్నాను.

అక్క