లిఖిత గదిలో మడి

పేట్ బషీరాబాద్,
ఆగస్టు 2004

అత్తయ్యగారికి,

ఇక్కడ అంతా క్షేమమని రాయలేను. ఫోనులో చెబితే మీకు వినపడదు.

తన తమ్ముడి ఎముక మజ్జ ఎక్కించాక మీ మనవరాలు లిఖిత కోలుకుంటోందనుకున్నాం. ఇప్పుడు మూత్రంలో రక్తం పడుతోంది. కిడ్నీల్లో వైరస్ అట. బయటి నుంచి వచ్చింది కూడా కాదు, మనందరి ఒంట్లోనూ నిద్రపోతూ ఉండేదేనట. మజ్జ నిలవాలని పిల్లకు రోగాన్ని తట్టుకునే శక్తి తగ్గించే మందులు వాడేసరికి అది లేచి కూర్చుంది.

ఆ మందులు తగ్గించి చూస్తున్నారు. ఇంకే జబ్బూ అంటకుండా ఆసుపత్రిలో వేరే గదిలో ఉంచారు. నాకు దగ్గు పట్టుకుందని నన్ను గుమ్మంలోనే ఆపేశారు.

మేడ్చల్ నుంచి వచ్చే నర్సు రోజారాణి షరతులు చెప్పింది. "తానం జేసి, ఉతికిన బట్టలు కట్టుకొని, ఎవ్వర్నీ తాకకుంట రావాలె. గంత నిష్ఠగ ఉండేటోళ్లు మీ ఇంట్ల ఎవరన్న ఉన్నరా అమ్మా?"

ఏడుస్తున్నదాన్ని నవ్వేశాను. మీరు కాక ఇంకెవరున్నారు?

వెంటనే బయల్దేరండి. తీర్థం మాత్రం తేకండి, కాచి చల్లార్చమంటారు.

మడిలో ఉన్నానంటూ దాన్ని ఇన్నేళ్లూ దగ్గరికి రానివ్వలేదు మీరు. ఇక్కడ మడి కట్టుకున్నవాళ్లనే దాన్ని ముట్టుకోనిస్తారు.

మీ కోడలు