గని నుంచి నువ్వు తెచ్చుకున్నది

నాన్నా,

నీ సంవత్సరీకం అయిపోయింది కదా అని, నీ మనవరాలికి కమ్మలు కొనడానికి ఇవాళ పటాన్‌చెరు వెళ్లాం. బంగారం కొట్టు నుంచి బయటికి వస్తూ అది గుమ్మం దగ్గర రెండు చేతులూ పైకెత్తి నిలబడింది.

వాచ్‌మన్ నవ్వాడు. "ఏంది బిడ్డా, చేతులెందుకు లేపినవ్? నిన్నెవరు చెక్ చేస్తరు?"

"మా తాత గిట్లనే నిలబడేటోడు," అంది.

కర్ణాటకలో బంగారు గనిలోంచి పైకి వచ్చినప్పుడల్లా నీ ఒళ్లంతా తడిమి పంపేవారు. గని మూతపడి, మనం చిట్కుల్ వచ్చి, నువ్వు ఫ్యాక్టరీలో చేరాక కూడా గేటు కనబడితే చాలు, నీ చేతులు వాటంతటవే లేచేవి. మేం నవ్వేవాళ్లం.

తడిమినవాళ్లకు నీ దగ్గర ఎన్నడూ ఒక్క బంగారు రవ్వ దొరకలేదు. నీ ప్రాణం తీసిన రాతిపొడిని మాత్రం రోజూ ఊపిరితిత్తుల నిండా బయటికి తెచ్చావు. దాన్ని ఏ గేటు దగ్గరా ఎవరూ ఆపలేదు.