సర్దేసిన మేజోడు

ఏవండీ,

వంట పొయ్యి మీదే ఉంది, వేడి చేసుకుని తినండి. నేను ప్రార్థనకి వెళ్తున్నాను. కుర్చీలో ఉన్న ఊలు బుట్టని మాత్రం ముట్టుకోకండి, సర్దకండి, దుమ్ము కూడా దులపకండి.

"మేజోడుకి నాలుగు సూదులు గుచ్చుకుని ఉంటే తీసి డ్రాయర్లో పెట్టానే" అని పొద్దున ఎంత సంబరంగా చెప్పారో. అవి గుచ్చుకున్నవి కావండీ, అల్లుతున్న కుట్లని పట్టుకుని ఉన్నవి. పైగా వేలాడుతున్న దారం కూడా లాగి, అల్లినదంతా విప్పేసి, చక్కగా ఉండ చుట్టారు. మడమ వంపు కుదరడానికి నాకు వారం పట్టింది. దేవుడి ముందు కూర్చుని కూడా కుట్లే లెక్కపెట్టుకున్నాను. అది జపం కింద జమవుతుందా అని ఆయన్నే అడగాలి. మీరు చేసింది సాయం కింద జమవుతుందా అని కూడా అడుగుతాను.

సోమవారం నుంచి మీకు మళ్ళీ కోల్డ్ స్టోరేజీలో డ్యూటీ. అప్పటికి రెండోది అవదు. మేజోడు అనే మాటలో జోడు ఉంది గానీ మనింట్లో లేదు. పూర్తయిన ఆ ఒక్కటే వేసుకెళ్ళండి. ఏ కాలికో మీరే తేల్చుకోండి.

ఎడమ కాలికే వేసుకోండి. అక్కడ చలిలో పనిచేసిన రోజున ఆ బొటనవేలు మొద్దుబారి రాత్రిదాకా స్పర్శ రావడం లేదని మీ తమ్ముడితో అంటుంటే విన్నాను. నాతో ఎందుకు చెప్పలేదు?